బస్తీ పేరు జాబితాలో ఉంటే మీ ఇంటి ధర ఏమవుతుంది?

ఇల్లు అమ్మాలనుకునే మనిషి చెవిన మొదట పడేది బ్రోకరు మాట. "అన్నా, ఇది స్లమ్ ఏరియా. పక్క కాలనీలో గజానికి పలికే రేటు ఇక్కడ రాదు. వచ్చిన బేరం వదులుకోకు." ఈ మాట విన్నాక చాలామంది ఇంకో ప్రశ్న అడగరు. ఇంట్లో ఆడపిల్ల పెళ్లి దగ్గర పడి ఉంటుంది, లేదా ఆస్పత్రి ఖర్చు మీద పడి ఉంటుంది, లేదంటే అన్నదమ్ములు వాటాలు తేల్చమని కూర్చుని ఉంటారు. బస్తీ పేరు సర్కారు జాబితాలో ఉందన్న ఒక్క మాటకు తలవంచి, రెక్కలు ముక్కలు చేసుకుని కట్టుకున్న ఇంటిని అడిగినంతకు ఇచ్చేస్తారు. ఈ అధ్యాయం వాళ్ల కోసం. చవగ్గా వస్తోందని అలాంటి చోట ఇల్లు కొనబోతున్నవాళ్లు కూడా చదవాలి.

ముందే ఒక సంగతి చెబుతాను. జాబితాలో ఉన్నది మీ బస్తీ. మీ ఇల్లు ఉన్న స్థలం ఎవరిదో ఆ జాబితా తేల్చదు. ధరను కిందికి లాగేది చాలాసార్లు స్థలం మీది హక్కులో ఉన్న లోటే. నింద మాత్రం జాబితా మోస్తోంది. ఈ రెంటినీ విడదీసి చూడగలిగిన యజమాని బేరంలో మోసపోడు.

అసలు ఆ జాబితా ఏమిటి?

మన రెండు రాష్ట్రాల్లో దీనికి మూలం 1956 నాటి ఆంధ్రప్రదేశ్ మురికివాడల అభివృద్ధి (భూసేకరణ) చట్టం. పల్లపు ప్రాంతం కావడం వల్లనో, పారిశుద్ధ్యం లేకపోవడం వల్లనో ఒక ప్రాంతం చుట్టుపక్కలవాళ్ల ఆరోగ్యానికీ భద్రతకూ ముప్పు అని ప్రభుత్వం భావిస్తే, దాన్ని మురికివాడగా గెజిట్‌లో ప్రకటించవచ్చు. అలా ప్రకటించినవాటినే అందరూ నోటిఫైడ్ స్లమ్ అంటున్నారు. 2011 జనాభా లెక్కలవాళ్లు మరో రెండు రకాలను కూడా కలిపి లెక్కించారు. గెజిట్‌లో లేకపోయినా ప్రభుత్వమో మునిసిపాలిటీయో గుర్తించినవి ఒక రకం. కనీసం 300 మంది జనాభాతో, నీళ్లూ మురుగు కాలువలూ సరిగా లేక కిక్కిరిసి ఉన్నాయని లెక్కల సిబ్బంది తామే గుర్తించినవి మరో రకం. చట్టపరంగా మీకు పనికొచ్చేది మొదటిది.

ఇదేదో ఊరి చివర నాలుగు గుడిసెల వ్యవహారం అనుకోవద్దు. ఆ లెక్కల ప్రకారం విశాఖపట్నంలో నూటికి 44 కుటుంబాలు మురికివాడల్లో ఉన్నాయి. పది లక్షలు దాటిన నగరాల్లో దేశం మొత్తం మీద అదే ఎక్కువ. విజయవాడలో నూటికి 40 దాటాయి. గ్రేటర్ హైదరాబాద్‌లో మునిసిపల్ లెక్కల్లో చెప్పే సంఖ్య 1,476 బస్తీలు, వాటిలో నోటిఫై అయినవి 1,179. సిమెంటు రోడ్లు పడి, రెండు మూడంతస్తుల పక్కా ఇళ్లు లేచి, కింద కిరాణా కొట్టూ పైన అద్దె పోర్షన్లూ నడుస్తున్న వీధులు కూడా వీటిలో ఎన్నో ఉన్నాయి. పాత ప్రకటన పాతదిగానే ఉండిపోయింది, బస్తీ మారిపోయింది. కనుక జాబితాలో పేరు చూసి ఇంటి స్థితిని ఊహించడం తప్పు.

చట్టం పేరులోనే భూసేకరణ ఉందన్నది మరిచిపోవద్దు. అలా ప్రకటించిన ప్రాంతంలోని స్థలాన్ని అభివృద్ధి కోసం ప్రభుత్వం సేకరించవచ్చు. అయితే ముందుగా యజమానికి నోటీసు ఇచ్చి, ఎందుకు తీసుకోకూడదో చెప్పుకొనే అవకాశం కల్పించాలి. బస్తీ హద్దుల్లో మీకు సొంత రిజిస్టర్డ్ స్థలం ఉంటే ఇలాంటి నోటీసును పక్కన పడేయొద్దు. గడువులోగా రాతపూర్వకంగా జవాబు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

జాబితా వల్ల మీకు దక్కేవి

మురికివాడ అనే మాట గుచ్చుకుంటుంది. పిల్లలు స్కూల్లో అడ్రసు చెప్పడానికి వెనకాడతారు. సంబంధాలు చూసేటప్పుడు పెద్దవాళ్లు బస్తీ పేరుకు బదులు మెయిన్ రోడ్డు పేరు చెబుతారు. ఎన్నో బస్తీలు తమంతట తాము నగర్‌లుగా, కాలనీలుగా పేర్లు మార్చుకున్నది ఈ బాధతోనే. ఆ బాధ నిజమైనది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ అదే ప్రకటన ఏం తెచ్చిపెడుతోందో కూడా చూడాలి.

మొదటిది, అర్ధరాత్రి వచ్చి కూల్చేస్తారన్న భయం తగ్గడం. సుప్రీంకోర్టు 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో ముంబై బస్తీల విషయంలో ఒక మాట అన్నది. ఇరవై ఏళ్లకు పైబడి ఉండి, అభివృద్ధి చేసిన మురికివాడలను ప్రజావసరానికి ఆ స్థలం కావాల్సి వస్తే తప్ప తొలగించకూడదు, తొలగిస్తే మరోచోట స్థలమో ఇల్లో చూపించాలి. నోటిఫికేషన్, నల్లా కనెక్షన్, పాత పన్ను రసీదులు, ఓటరు జాబితాలో పేరు ఇవన్నీ కలిసి మీరు అక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారో చెప్పే సాక్ష్యాలు. ఇళ్ల కూల్చివేతలపై 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం, కూల్చే ముందు కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, నది, చెరువు వంటి చోట్ల కట్టినవాటికి మాత్రం ఆ రక్షణ వర్తించదు. ఈ మినహాయింపును గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

రెండోది, భయం తగ్గాక మనిషి ఇంటి మీద డబ్బు పెడతాడు. పుణె బస్తీల మీద షోహెయ్ నకమురా అనే పరిశోధకుడు చేసిన అధ్యయనం 2014లో అచ్చయింది. నోటిఫై అయిన బస్తీల్లో జనం ఇళ్లను బాగుచేసుకోవడానికి ముందుకు రావడం అందులో తేలింది. ఇల్లు ఉంటుందో ఊడుతుందో తెలియనివాడు రేకులు మార్చడు, స్లాబ్ వేయడు. ఉంటుందన్న ధీమా వస్తే మేస్త్రీని పిలుస్తాడు. అలా పది ఇళ్లు లేచిన వీధిలో అద్దెలు పెరుగుతాయి, అద్దెల వెంట ధర పెరుగుతుంది. ధర పెంచేది గెజిట్‌లోని అక్షరం కాదు, దాన్ని నమ్మి జనం పోసిన సిమెంటు.

మూడోది సౌకర్యాలు. హైదరాబాద్ జలమండలి బిల్లుల్లో బస్తీ ఇళ్లకు ప్రత్యేక కేటగిరీ ఉంది. మీ ఇల్లు అందులో ఉందో లేదో బిల్లు తీసి చూసుకోండి, లేకపోతే అడగండి. రోడ్లూ డ్రైనేజీ పథకాల నిధులు ముందు నోటిఫైడ్ బస్తీల వైపే చూస్తాయి. ఇంటి ధరకు ఇవి ఎంత ముఖ్యమో విజయవాడలోని కృష్ణలంక, రాణిగారితోట వైపు చూస్తే తెలుస్తుంది. ఒకప్పుడు కృష్ణకు వరద వస్తే మూటాముల్లె సర్దుకోవాల్సిన చోట్లవి. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా రికార్డు వరద వచ్చినప్పుడు రిటైనింగ్ వాల్ వాటిని కాపాడింది. అదే వారం బుడమేరు నీటిలో సింగ్‌నగర్ మునిగిపోయింది. ఇల్లు కొనేవాడు బస్తీ పేరు కంటే ముందు ఆ వారం నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయని అడగాలి.

మరి రేటు ఎందుకు తగ్గుతోంది?

బ్రోకరు "స్లమ్" అన్నప్పుడు దాని వెనక చాలా విషయాలు ఒకటిగా కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయడం మీ పని.

బరువైనది కాగితం. చాలా బస్తీల్లో ఇళ్లు చేతులు మారింది నోటరీ కాగితాల మీద. వంద రూపాయల స్టాంపు కాగితంపై సేల్ అగ్రిమెంట్ రాయించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించి, డబ్బు ఇచ్చేసి ఇంట్లో చేరతారు. ఇలాంటి అగ్రిమెంట్లు, జీపీఏలు (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీలు) యాజమాన్యాన్ని బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో ఖరాఖండిగా చెప్పింది. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు మీరు అక్కడ ఉంటున్నారని చెబుతాయి, స్థలం మీదేనని చెప్పవు. బ్యాంకు లోన్ ఇవ్వకపోవడానికి కారణం ఇదే. లోన్ దొరకని ఇంటికి నగదు చేతిలో ఉన్నవాడే కొనుగోలుదారు. అలాంటివాళ్లు కొద్దిమందే ఉంటారు, వాళ్లు చెప్పిందే రేటు అవుతుంది. దీనికి మందు కాగితాన్ని సరిచేసుకోవడమే.

ప్రభుత్వ స్థలంలో ఉన్న ఇళ్లకు ఈ దారి అప్పుడప్పుడు తెరుచుకుంటుంది. తెలంగాణలో 2014 డిసెంబరులో వచ్చిన జీవో 58 ప్రకారం ప్రభుత్వ భూమిలో 125 గజాల లోపు ఇల్లు కట్టుకుని ఉంటున్న పేద కుటుంబాలకు ఉచితంగా క్రమబద్ధీకరణ చేశారు. అంతకు మించిన స్థలాలకు జీవో 59 కింద డబ్బు కట్టించుకున్నారు. మొదట 2014 జూన్ 2 నాటికి కబ్జాలో ఉన్నవాళ్లకే అన్నారు, తర్వాత 2023లో ఆ తేదీని 2020 జూన్ 2కు జరిపారు. ఇలాంటి జీవోలు వచ్చినప్పుడు దరఖాస్తు గడువు తక్కువగా ఉంటుంది. పాత రసీదులు ముందే దాచుకున్నవాడు దరఖాస్తు పెట్టుకోగలుగుతాడు, లేనివాడు వాటి వెతుకులాటలోనే గడువు దాటించేస్తాడు.

పట్టా ఉన్నవాళ్లు కూడా దాన్ని ఒకసారి పూర్తిగా చదవాలి. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ స్థలాలకు 1977 చట్టం అడ్డు ఉంది. పట్టా షరతులు అమ్మనివ్వకపోతే కొన్నవాడికి హక్కు రాదు. ఇలాంటి స్థలాలను రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద నిషేధిత జాబితాలో పెడతారు. ధర మాట్లాడే ముందు మీ సర్వే నంబరు ఆ జాబితాలో ఉందేమో చూడండి. పొరపాటున చేరిన సర్వే నంబర్లు కూడా ఉంటాయి. అలాంటప్పుడు కలెక్టరుకు అర్జీ పెట్టి తీయించుకోవాలి. అది తీరిన తర్వాతే అమ్మకానికి పెట్టండి, ముందుగా పెడితే ఆ లోటు ఖరీదంతా మీ నెత్తిన పడుతుంది.

పట్టా చేతికి రాగానే బ్యాంకు తలుపులు తెరుస్తుందని లెక్కలు వేసుకోవద్దు. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్ శివార్లలో కబ్జా స్థలాల మీద హక్కు పత్రాలు పొందిన కుటుంబాలను గలియాని, షార్‌గ్రోడ్‌స్కీ అనే ఆర్థికవేత్తలు పరిశీలించారు. వాళ్లు ఇళ్లు బాగా కట్టుకున్నారు, పిల్లలను ఎక్కువ చదివించారు. అప్పు దొరకడంలో మాత్రం పెద్ద మార్పు రాలేదు. బ్యాంకు స్థలంతో పాటు మీ ఆదాయాన్ని కూడా చూస్తుంది. చిట్టీల మీద, రోజు కూలీ మీద నడిచే ఇంట్లో ఆదాయానికి రుజువు ఏముంటుంది? కనుక ఇప్పటి నుంచే కొంత డబ్బు బ్యాంకు ఖాతా గుండా నడిపించండి.

ఇక బఫర్ జోన్. ఇది బస్తీ జాబితా కంటే వంద రెట్లు ప్రమాదకరం, అయినా దాని గురించి అడిగేవాళ్లు తక్కువ. 2012 నాటి జీవో 168 భవన నిబంధనల ప్రకారం నగర పరిధిలో నది అంచు నుంచి 50 మీటర్లు, పది హెక్టార్లకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్ల దాకా కట్టడాలు ఉండకూడదు. 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ ప్రాంతంలో అధికారులు ఇళ్ల గోడల మీద తొలగింపు గుర్తుగా ఎర్ర రంగుతో "ఆర్‌బీ-ఎక్స్" అని రాసినప్పుడు, ఆ ఇళ్లవాళ్లు ఏళ్ల తరబడి కట్టిన పన్నుల రసీదులు పట్టుకుని వీధిలో నిలబడ్డారు. ఆ రాత గోడ ఎక్కిన రోజున ఇక ఆ ఇంటికి బేరం ఎక్కడిది? ముందు చెప్పిన 15 రోజుల నోటీసు తీర్పు కూడా నది పక్కనున్నవాళ్లకు అక్కరకు రాదు. కొనేవాళ్లు నాలా, చెరువు, నది నుంచి ఇంటికి ఉన్న దూరాన్ని టేపుతో కొలిచి, ఇరిగేషన్ శాఖ మ్యాపులో చెరువు నిండు నీటి మట్టాన్ని చూపే ఎఫ్‌టీఎల్ గీత ఎక్కడుందో చూసుకున్నాకే బయానా ఇవ్వాలి. అమ్మకందారు "అందరూ ఉంటున్నారు కదా" అంటే అది జవాబు కాదు.

పేరుకన్నా దాని వెంట వచ్చేది ముఖ్యం

వేరే దేశాల్లో ఇలాంటి జాబితాలు ఇంకోలా పనిచేశాయి. అమెరికాలో 1930లలో హోల్క్ అనే ఫెడరల్ సంస్థ నగరాల పటాలు గీసి, నల్లజాతివాళ్లు ఎక్కువగా ఉన్న పేటలకు డి గ్రేడు ఇచ్చి ఎర్ర రంగు వేయించింది. అలాంటి పేటల్లో ఇళ్లకు అప్పులు పుట్టలేదు. దశాబ్దాల తర్వాత కూడా ఆ ఎర్ర గీతకు లోపల సొంత ఇళ్లు తక్కువగా, ధరలు తక్కువగా ఉన్నాయని షికాగో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు చూపించారు. డెన్మార్క్ 2010 నుంచి కొన్ని పేటలను జాబితాకు ఎక్కించింది. 2018 చట్టాలతో వాటిలో ఏళ్ల తరబడి ఆ జాబితాలో ఉండిపోయినచోట లాభాపేక్ష లేని గృహ సంస్థలు కుటుంబాలకు అద్దెకిచ్చే ఇళ్లను 2030 నాటికి 40 శాతానికి తగ్గించాలంది, అందుకోసం కూల్చడానికీ అమ్మడానికీ దారి వేసింది. ఆ జాబితాల వెంట అప్పు నిరాకరణ, కూల్చివేత వచ్చాయి. మన జాబితా వెంట ఎక్కువగా నల్లా, రోడ్డు, పథకం వస్తాయి. కాబట్టి ఏ దేశంలో ఉన్నా, ముఖ్యంగా అమెరికాలో ఇల్లు కొనే మన పిల్లలు కూడా, ఆ ప్రాంతానికి పెట్టిన పేరు దగ్గర ఆగకుండా ఆ పేరు వెంట ఏం వస్తోందో అడగాలి.

మన దగ్గర ఆ జాబితా వెంట కొన్నిసార్లు పునర్నిర్మాణం వస్తుంది. సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు తీసేసి, అదే స్థలంలో 396 డబుల్ బెడ్రూం ఇళ్లు కట్టి 2015 నవంబరులో ఇచ్చారు. మీ బస్తీకి అలాంటి ప్రతిపాదన వస్తే వెంటనే సంతోషపడొద్దు, వెంటనే కాదనొద్దు. ఇల్లు ఖాళీ చేసే ముందు కొన్ని విషయాలు రాతపూర్వకంగా రావాలి. ఎన్ని నెలల్లో కడతారు, అప్పటిదాకా అద్దె ఎవరు భరిస్తారు, అర్హుల జాబితాలో ఎవరి పేరు ఉంది, ఇప్పుడున్న అద్దె పోర్షన్ ఆదాయం పోతే బదులేమిటి, కొత్త ఇంటిని అమ్ముకునే హక్కు ఉంటుందా? మూడు పోర్షన్ల ఇంటికి బదులు ఒక్క ఫ్లాట్ ఇస్తే ఆ కుటుంబానికి నెలనెలా వచ్చే అద్దె పోతుంది. ఈ విషయాలు ఒక్కరే అడిగితే ఎవరూ వినరు. బస్తీ సంఘం, పొదుపు సంఘాల సమాఖ్య పేరుతో అడగండి.

ఇప్పుడు పని మొదలుపెట్టండి. మీ బస్తీ నోటిఫై అయిందా లేదా అన్నది నోటి మాటగా వద్దు. మునిసిపల్ ఆఫీసులో యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి, గెజిట్ ప్రకటన ప్రతి, బస్తీ హద్దుల పటం అడగండి. ఫీజు 10 రూపాయలు, దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు, జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. హద్దు మీ వీధి అవతలే ఆగిపోయిందని తేలిన ఇళ్లు కూడా ఉంటాయి. అలాంటప్పుడు పక్కవాళ్ల పేరుతో మీరు రేటు తగ్గించుకుంటున్నారన్నమాట. ఆ తర్వాత సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), మార్కెట్ విలువ ధ్రువపత్రం తీయండి. మీ వీధిలో ఈ మధ్య రిజిస్టర్ అయిన రెండు మూడు దస్తావేజుల నకళ్లు సంపాదించండి. వాటిలో రాసిన ధర అసలు ధర కంటే తక్కువ ఉండవచ్చు, అయినా ఎవరు ఎవరికి అమ్మారో, ఏ కాగితం మీద అమ్మారో తెలుస్తుంది. వెళ్లి వాళ్లతో మాట్లాడండి.

ఇవన్నీ చేతిలో పెట్టుకుని బ్రోకరు ఎదుట కూర్చోండి. అతను గజానికి పది వేలు తగ్గించమంటే, ఆ పది వేలలో ప్రతి వెయ్యికీ కారణం చెప్పమనండి. నోటరీ కాగితానికి ఎంత, సందు ఇరుకుకు ఎంత, క్రమబద్ధీకరణకు ప్రభుత్వానికి కట్టాల్సింది ఎంత? వీటికి లెక్క ఉంటుంది, ఆ లెక్కకు తగ్గించడం న్యాయమే. "స్లమ్" అనే మాటకు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గించకండి. మీ ఇంటి కాగితం సరిగా ఉండి, నీరు నిలవని చోట ఉండి, బఫర్‌కు దూరంగా ఉంటే, తొందర పెట్టే మొదటి బేరానికి ఇవ్వవద్దు. కాగితం లేకపోతే ఈ ఏడాది అమ్మడం వాయిదా వేసి, ముందు దాని మీద తిరగండి.